రెండు జెండాల్లో లేని జబ్బు

మా విఠల్ బావ రెండో రొట్టె వద్దన్న రోజున ఏదో తేడా చేసిందని నాకు తోచింది. తిండి విషయంలో విఠల్ "వద్దు" అనగా విన్నవాళ్ళు అంతవరకు కామారెడ్డిలో లేరు. నా కంచంలోని రొట్టెను కూడా సొంతదానిగా చూసుకునే ఉదార స్వభావం అతనిది. ఆ పొద్దున మాత్రం ఒక్క రొట్టె తిని గోడకు ఆనుకున్నాడు.

"ఏంది బావా, నా రొట్టె గిట్ల మిగిలింది?" అన్నాను.

"తలకాయ వలుగుతుంది రా. ఇయ్యాల నీది నువ్వే తిను."

నవ్వాను. అది మా ఇద్దరి మధ్య ఆఖరి హాస్యమని తెలిసి ఉంటే ఇంకాస్త మంచిది వెతికేవాణ్ణి.

నేనప్పుడు కామారెడ్డిలో మా మేనమామ ఇంట్లో ఉండి పెద్ద బడిలో చదువుకుంటున్నాను. మా సొంత ఊరు ఎల్లారెడ్డి. అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాణ్ణి; బాపు అక్కడి చిన్న బడిలో మాస్టరు. ఆ బడి ఎంతవరకు చెప్పగలదో అంతవరకు నాకు చెప్పేసింది కనుక మామ దగ్గరికి పంపారు. మామ రైలు స్టేషన్లో పాయింట్స్‌మన్. బండి ఏ పట్టా మీదికి పోవాలో చూసి, పచ్చజెండానో ఎర్రజెండానో ఊపడం ఆయన పని. విఠల్ ఆయనకు ఒక్కగానొక్క కొడుకు, నాకంటే కాస్త పెద్ద. ఇద్దరం ఒకే చాప మీద పడుకునేవాళ్ళం. ఆ ఏడు అతనికి గొంతు మారింది. పాఠం అప్పజెప్పబోతే ఒక వాక్యం కోడిపుంజులాగా, ఇంకో వాక్యం గూడ్సుబండిలాగా వచ్చేది. నాదింకా మారలేదు. మారకముందే అతన్ని వెక్కిరించి ముగించాలని నేను తొందరలో ఉండేవాణ్ణి.

గూడ్సుషెడ్డులో ఎలుకలు చచ్చి పడుతున్నాయని అప్పటికే వినికిడి. సాయంత్రానికి విఠల్ ఒళ్ళు కాలిపోయింది. గజ్జల్లో బిళ్ళ కట్టింది. రైల్వే డాక్టరు చూసి, చెయ్యి వెనక్కి తీసుకుని, "బూబో" అన్నాడు. ప్లేగు గడ్డకు వాళ్ళ మాట అది. ఆ మాట విని మా అత్త అది మందు పేరనుకుని, "అయితె గదే ఇయ్యిండ్రి సారూ, ఎంతైనా సరే," అంది. వారం తిరగకుండానే విఠల్ పోయాడు. అతన్ని తీసుకుపోతుంటే నన్ను చూడనివ్వలేదు. నేనింట్లో ఉన్నాను, అతను ఇంట్లోంచి పోయాడు. నాకు తెలిసింది అంతే.

మామను, అత్తను పట్టాల పక్కనున్న షెడ్లకు మార్చారు. నా విషయానికి వచ్చేసరికి డాక్టరు కాగితం మీద ఏదో రాసి, "కాంటాక్ట్ కేస్" అన్నాడు. జీవితంలో నాకు వచ్చిన మొదటి బిరుదు అదే. బాపు ఎల్లారెడ్డి నుంచి ఎడ్లబండి కట్టుకుని వచ్చాడు. బండివాడు ముక్కుకు గుడ్డ చుట్టుకుని, దారి పొడుగునా ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ఎడ్లు మాత్రం తిరిగి చూశాయి.

బయలుదేరే ముందు మామ షెడ్డులోంచి బయటికి వచ్చి దూరంగా నిలబడ్డాడు. కొడుకును దహనం చేసి వచ్చిన మనిషి. చేతిలో రెండు పాత జెండాలున్నాయి. వాటిని నేల మీద పెట్టి వెనక్కి జరిగి, తీసుకొమ్మని సైగ చేశాడు.

"నిన్ను ఊర్లెకు రానియ్యరు రా. చేన్ల ఉంచుతరు. మీ అవ్వ దూరం నుంచి గొంతు జించుకొని ఒర్లలేదు, నువ్వు ఒర్లొద్దు, జరమొస్తె ఆయాసమైతది. పొద్దున లేవంగనే ఒక జెండ సూపు. జరముంటె ఎర్రది. బాగుంటె పచ్చది. గంతే."

కొడుకు పోయిన వారంలో మేనల్లుడి కోసం అంత ఆలోచించిన మనిషిని నేను వేరే చూడలేదు. ఈ కథలో జరిగిన పొరపాటు ఏదైనా ఉంటే, అది ఆ ప్రేమలోంచే వచ్చింది. అందుకే దాన్ని పట్టుకోవడం అంత ఆలస్యమైంది.

మామ చెప్పినట్టే ఎల్లారెడ్డి పొలిమేరలో ఊరి పెద్దలు నిలబడి ఉన్నారు. "తప్పు వట్టకుండ్రి మాస్టర్ సాబ్. మీ పోరడు మా పోరడే. గని గడువు దాటినంక రానియ్యిండ్రి," అన్నారు. బాపు తలూపాడు. మాకు ఊరి బయట, పోచారం పోయే బాట పక్కన కాస్త చేను ఉంది. అందులో తెల్లజొన్న మోకాలెత్తు పెరిగి ఉంది. చేను నడుమ తాటికమ్మలతో గుడిసె వేశారు. ఒక చాప, ఒక కుండ, ఒక కందీలు, నేను.

ఎల్లారెడ్డి దవాఖానా డాక్టర్ సాబ్ మొదటి రోజే వచ్చి, గట్టు మీదనే నిలబడి గడువు చెప్పాడు. "అప్పటిదాకా ఫీవర్ రాకపోతే ఫిట్. సింపుల్," అన్నాడు. హైదరాబాదు మనిషి, సగం ఉర్దూ, సగం తెలుగు, మిగిలింది ఇంగ్లీషు. గట్టు మీద ఒక థర్మామీటరు పెట్టి, వెనక్కి జరిగి, చదవడం నేర్పించి పోయాడు.

మొదటి రోజుల్లో అవ్వ గట్టు మీది బండరాయి మీద సత్తుగిన్నె పెట్టి, వెనక్కి జరిగి, గొంతు చించుకుని అరిచేది.

"కొడుకా! తిన్నవా? పండుకున్నవా? సలి పెడ్తుందా?"

నేనూ అరిచేవాణ్ణి. ఆ అరుపుల్లో ఆమె ఏడుపు నాకు వినపడేది, నాది ఆమెకు వినపడేది. ఒకసారి ఏడుస్తూ అరిచి అరిచి అవ్వ గట్టు మీదనే కూలబడింది. ఆ సాయంత్రం బాపు ఒక్కడే వచ్చి, "పచ్చజెండ ఉండనే ఉండె గద రా. దాన్ని సూస్తె సాలు. మీ అవ్వను ఒర్లనియ్యకు, పానం తీసుకుంటుంది," అన్నాడు.

అది అందరికీ సుఖంగా ఉంది. పొద్దున నేను పచ్చజెండా ఊపేవాణ్ణి. అవ్వ బాట మీద నుంచే చూసి, చెంగుతో మొహం తుడుచుకుని, గిన్నె పెట్టి పోయేది. బాపు ఆ కబురు స్టేషనుకు పోయే వాళ్ళతో మామకు పంపేవాడు. కామారెడ్డిలో మామ ఊపిరి పీల్చుకునేవాడు. ఎవరికీ మాట ఖర్చు లేదు. ఒక్క గుడ్డముక్కతో రెండు ఊళ్ళలో ముగ్గురు మనుషులు నెమ్మదిగా ఉన్నారు.

ఆ గుడ్డముక్క కింద ఉన్న నాలుగో మనిషి సంగతి నాకు కూడా సరిగా తెలియదు.

మొదట నిద్ర తిరగబడింది. పగలంతా పడుకునేవాణ్ణి. తరువాత ఆకలి తెలియకుండా పోయింది. గిన్నెలో సగం కాకులకు పెట్టేవాణ్ణి, కాకులు అంటుకు భయపడవు. బాపు పంపిన భూగోళం పుస్తకంలో నదుల పాఠం తీస్తే, గోదావరి దగ్గరికి వచ్చేసరికి మొదటి వాక్యం మరిచిపోయేవాణ్ణి. మళ్ళీ మొదటికి పోయేవాణ్ణి. గోదావరి ఎన్నాళ్ళైనా సముద్రంలో కలవలేదు. స్నానం చేయాలంటే బావి దాకా నడవాలి. బావి ఎక్కడికీ పోలేదు, నేనే పోలేదు.

బాట మీద బడి పిల్లలు పోతుంటే మొదట్లో గుడిసె తడికె కంతలోంచి చూసేవాణ్ణి. మా చేను దగ్గరికి రాగానే వాళ్ళు ముక్కులు మూసుకుని పరుగెత్తేవాళ్ళు. అది వాళ్ళకు ఆట. ఎవడు ఎక్కువ దూరం ఊపిరి బిగబడతాడో పందెం. పది అడుగుల అవతల వాళ్ళు గట్టిగా ఊపిరి వదిలి నవ్వుకునేవాళ్ళు. తరువాత చూడటం మానేశాను.

చచ్చిపోవాలని అనిపించేదా అని తరువాత ఒక డాక్టరు అడిగాడు. అంత ఉత్సాహం కూడా ఉండేది కాదు. ఉండటం అనే పని నా బదులు ఇంకెవరైనా చేసిపెడితే బాగుండునని మాత్రం ఉండేది.

అయినా ప్రతి పొద్దునా థర్మామీటరు పెట్టుకునేవాణ్ణి. నార్మల్. పచ్చజెండా ఊపేవాణ్ణి. అబద్ధమేమీ ఆడలేదు. జ్వరం లేదు.

గడువు ముగిసింది. అవ్వ పసుపు నీళ్ళు పట్టుకుని వచ్చి, చేయి పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. ఎన్నాళ్ళకో ఇంకో మనిషి చేయి తగిలితే కాలినట్టుగా లాక్కున్నాను. ఇంట్లో అందరూ మాట్లాడుతున్నారు. మాటలన్నీ అర్థమవుతున్నాయి. జవాబు చెప్పాలని తెలుస్తోంది. కాని అది లోపలెక్కడో లోతున ఉంది, తోడుకోవాలంటే చేంతాడు చాలడం లేదు. అవ్వ ఏమడిగినా తలూపాను. అన్నం తిని, చేయి కడుక్కుని, ఎవరికీ చెప్పకుండా నడుచుకుంటూ గుడిసెకు వచ్చేశాను. రెండోసారి బాపు తీసుకుపోయాడు. మళ్ళీ వచ్చేశాను. ఎవరో తరిమితే కాదు. గుడిసె నాకు సరిగ్గా కొలిచి కుట్టినట్టుంది, ఇల్లు వదులైపోయింది.

అక్కడి నుంచి పరీక్షలు మొదలయ్యాయి. డాక్టర్ సాబ్ ఈసారి గట్టు దిగి గుడిసెలోకి వచ్చాడు. స్టెతస్కోప్ పెట్టాడు. పొట్ట నొక్కి స్ప్లీన్ చూశాడు. వేలు పొడిచి మలేరియాకు బ్లడ్ స్మియర్ తీసుకుపోయాడు. టీ.బి. ఏమోనని వీపు మీద వేళ్ళతో తట్టి విన్నాడు.

"లంగ్స్ క్లియర్. హార్ట్ నార్మల్. స్ప్లీన్ నార్మల్," అని, నా మొహం చూసి ఆగాడు. "సబ్ నార్మల్ హై, మాస్టర్ సాబ్. లడ్కా నార్మల్ నహీఁ." తరువాత బాపు వైపు తిరిగి మెల్లగా, "మెలంకోలియా," అన్నాడు; మనసు కుంగిపోయే జబ్బన్నమాట.

అవ్వ తడికె అవతలి నుంచి, "మందుందా సారూ దానికి?" అంది.

ఉంది. పొద్దున ఐరన్ టానిక్, పడుకునే ముందు నిద్రకు బ్రోమైడ్, రోజంతా కంప్లీట్ రెస్ట్. ఎవరూ పలకరించి అలసట పెట్టకూడదు. ఒంటరితనంతో పడుకున్నవాడికి మరికాస్త ఒంటరితనం, భోజనం తరువాత. ఆ రోజుల్లో అదే వైద్యం, ఆయన తప్పు కాదు. బ్రోమైడు పుణ్యమా అని ఇంకా బాగా నిద్రపోయాను. లేవడమే కష్టమైంది. టానిక్ వల్ల నాలుక నల్లబడింది. ఎలాగూ వాడని నాలుకే కనుక ఇబ్బంది లేదు.

కంకి వేసే నాటికి డాక్టర్ సాబ్ మళ్ళీ వచ్చాడు. నేను తడికె వైపు తిరిగి పడుకుని ఉన్నాను. గుడిసె బయట ఆయన బాపుతో అన్న మాటలు స్పష్టంగా వినపడ్డాయి.

"మాస్టర్ సాబ్, కోతల దాకా చూద్దాం. అప్పటికీ మాట్లాడకపోతే హైదరాబాద్ మెంటల్ హాస్పిటల్‌కు చిట్టీ రాసిస్తా. లేకిన్ ఒక మాట. అక్కడ ఒకసారి లోపలికి పోయిన పిల్లవాడు తొందరగా బయటికి రాడు."

 బాపు, "పచ్చజెండ సూపుతనే ఉండె గద సారూ," అన్నాడు. బడిలో అంతమంది పిల్లలను గదమాయించే ఆ గొంతు అంత చిన్నదిగా ఎప్పుడూ వినలేదు.

అది విని లేచి కూర్చుని మాట్లాడి ఉంటే ఈ వ్యాసం ఇక్కడే ముగిసేది. నాకు లేవాలనే ఉంది. ఇటు వైపు తిరిగే పని కూడా జరగలేదు.

ఆ సమయంలో నా మీద అందరికంటే ఎక్కువ కోపంగా ఉన్న మనిషి లచ్చవ్వ. మా చేను పక్క చేను ఆమెది. మనుమలున్న ముసలమ్మ. కళ్ళకు శుక్లాలు వచ్చాయి, చెవులు అరకొర. గొంతు మాత్రం దేవుడు మిగతావన్నీ తీసుకుని అందులో కలిపి ఇచ్చినట్టుండేది. ఆమె చేన్లో మంచె ఉంది, మా చేన్లోనూ మంచె ఉంది. పాలకంకి మీద ఉన్న జొన్నకు రోజంతా మంచె ఎక్కి కేకలు వేసే మనిషి లేకపోతే చిలకలు, పిచ్చుకలు గింజ మిగల్చవు. మా కావలివాడు "కామారెడ్డి పోరడు ఉన్న చేన్ల నేనుండ" అని ఎప్పుడో వెళ్ళిపోయాడు. పిట్టలకు మా చేను మంచి మకాం అయింది. మా దగ్గర ఫలహారం చేసి, భోజనానికి లచ్చవ్వ చేన్లో దిగేవి.

"ఓ మాస్టరు కొడుకా! నీ పిట్టలు నా చేన్ల వడ్డయి రా! జెర సప్పుడు జెయ్యి!"

పిట్టలు నావని అంతవరకు నాకు తెలియదు. పడుకునే ఉన్నాను.

"పండుకున్నవా, పారిపోయినవా? ఓ మాస్టరు కొడుకా!"

ఒక రోజు కాదు. పొద్దుపొడుపు నుంచి ఎండెక్కే దాకా, మళ్ళీ పొద్దు వాలే వేళ. కంప్లీట్ రెస్ట్ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినపడేది కాదు. చివరికి నోరు మూయిద్దామని గుడిసె బయటికి వచ్చి, అలవాటు కొద్దీ పచ్చజెండా ఊపాను.

"ఏందిరా ఆ గుడ్డ ఊపుడు? పిట్టలకు పెండ్లి జేస్తున్నవా?"

ఇంకా గట్టిగా ఊపాను. బాగున్నానని, నా మానాన నన్ను వదిలెయ్యమని.

"ఎర్రదో పచ్చదో నాకు కనవడ్తదా? నోరు లేదా నీకు? అమ్ముకున్నవా?"

జెండా పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. అవ్వ, బాపు, మామ, డాక్టర్ సాబ్, అందరూ ఆ గుడ్డను చూసి నమ్మి పోయేవాళ్ళు. దాన్ని చూసి పోనిది ఈ ఒక్క మనిషే, అదీ కళ్ళు లేక. జవాబు కావాలంటే ఆమెకు గొంతు తప్ప వేరే దారి లేదు. పైగా ఆమెకు నేను కావాలి. నా ఆరోగ్యం కాదు, నేను. ఈ చేన్లో ఈ పక్కన అరిచే ఒక మనిషి లేక ఆమె జొన్న పోతోంది. విఠల్ పోయిన తరువాత, నేను లేకపోతే ఫలానా పని ఆగుతుందని అన్నవాళ్ళు ఆమె ఒక్కతే.

మంచె ఎక్కాను. నాలుగు మెట్ల నిచ్చెనకే గుండె దడదడలాడింది. పైన నిలబడి, "హో" అందామని నోరు తెరిచాను. గాలి వచ్చింది, చప్పుడు రాలేదు. మళ్ళీ తెరిచాను.

వచ్చింది. లావుగా, బొంగురుగా, ఎక్కడో పాతాళంలో గూడ్సుబండి కదిలినట్టు వచ్చింది. ఉలిక్కిపడి వెనక్కి చూశాను. వెనక ఎవరూ లేరు. ఆ గొంతు నాకు తెలుసు. అది విఠల్ గొంతు.

"ఎవడ్రా గాడు?" అవతలి మంచె మీద లచ్చవ్వ లేచి నిలబడింది. "కొత్త కావలోడివా? మాస్టరు కొడుకు ఏడవోయిండు?"

"నేనే... అవ్వా!"

"నువ్వెవడివి?"

"మాస్టరు కొడుకును!"

"ఎవన్ని మోసం జేస్తవు రా? గా పోరనిది పొల్లగాని గొంతు. నీదేంది, దున్నపోతు లెక్క!"

"గొంతు మారింది అవ్వా!"

ఆమె మంచె మీద మళ్ళీ కూర్చుంది. "మారితె మారింది. పిట్టలను కొట్టు!"

మంచె మీద కూలబడి ఏడ్చాను. ఎవరూ వినకుండా, నేను కూడా వినకుండా, ఆ గుడిసెలో ఎప్పుడో నాకు గొంతు మారిపోయింది. మారిన రోజున వెక్కిరించవలసిన ఒకే ఒక్క మనిషి లేడు. విఠల్ కోసం నేను ఏడవడం అదే మొదలు. పిట్టలు ఆ కాసేపు నిశ్చింతగా తిన్నాయి. లచ్చవ్వ మాత్రం ఊరుకోలేదు. "ఏడ్సుడైతె ఏడ్వు గని, గట్టిగ ఏడ్వు! పిట్టలన్న లేస్తయి!"

గట్టిగానే ఏడ్చాను. లేచాయి.

అంతటితో నయమైందని రాస్తే మీరు నమ్మకూడదు. మరునాడు మంచె ఎక్కలేదు. ఆ మరునాడు ఆమె తిట్లకు ఎక్కాను. కొన్నాళ్ళు ఎక్కడం, కొన్నాళ్ళు పడుకోవడం. ఆమె అరిస్తే నేను అరవాలి. నేను ఆగితే, "ఏమైంది రా, కూర సప్పగుండెనా?" అని అడిగేది. ఆ ప్రశ్నకు తలూపితే ఆమెకు కనపడదు. "సప్పగ లేదవ్వా, కారమైంది," అని అరవాలి. "మీ అవ్వకు చెయ్యి తూగదు," అని ఆమె అరిచేది. ఆ మాట బాట మీద వస్తున్న మా అవ్వ చెవిన పడింది. అవ్వ గిన్నె పట్టుకుని బాట మీదనే నిలబడిపోయి, కోపం తెచ్చుకోవలసిన చోట నా గొంతు వింటూ నవ్వింది. ఆ రోజు గిన్నె బండ మీద పెట్టి పోలేదు. మంచె కింద కూర్చుని, "కారమేడైంది రా? ఏడైందో సూపియ్యి," అని పోట్లాటకు దిగింది.

కోతలకు ముందు డాక్టర్ సాబ్ వచ్చాడు. బాపు మొహం పాలిపోయి ఉంది. నేను మంచె మీద ఉన్నాను. డాక్టర్ సాబ్ తలెత్తి, "కైసే హో?" అన్నాడు.

చేయి అలవాటుగా జెండా కోసం పోయింది. జెండా గుడిసెలో ఉంది.

"మంచిగ లేను, డాక్టర్ సాబ్," అన్నాను. "అన్నం సయిస్తలేదు. చదివింది గుర్తుంటలేదు. మా బావ సచ్చిపోయిండు."

డాక్టర్ సాబ్ మొహం వికసించింది. "బహుత్ అచ్ఛా! బహుత్ అచ్ఛా!" అన్నాడు. బాగాలేనంటే అంత సంతోషించిన డాక్టరును అంతకు ముందు చూడలేదు, తరువాత చూడలేదు. చిట్టీ రాయలేదు. బ్రోమైడ్ ఆపేశాడు. "కంప్లీట్ రెస్ట్ క్యాన్సిల్," అన్నాడు. తన ఆర్డరు తనే కొట్టేసుకునే పెద్దమనసు అందరికీ ఉండదు.

కోతలయ్యాయి. మంచె విప్పేశారు, గుడిసె పీకేశారు. ఇంటికి వచ్చాను. నాలుగు గోడల మధ్య మళ్ళీ వెనక్కి జారాను. డాక్టర్ సాబ్ దీన్ని రిలాప్స్ అన్నాడు. అరవడానికి పిట్టలు లేవు. ఇంట్లోవాళ్ళంతా మెత్తగా మాట్లాడేవాళ్ళు. మామ దగ్గరికి పోవాలన్న మాట వస్తే చాలు, గోడ వైపు తిరిగి పడుకునేవాణ్ణి. ఒక చాప మీద పడుకున్న ఇద్దరిలో ఒకణ్ణి చూసి ఆ ఇంట్లో రెండోవాణ్ణి తలుచుకోకుండా ఎలా ఉంటారు? బాపుకు ఆ సంగతి చెప్పాను. చెప్పగలగడమే కొత్త. బాపు వాదించలేదు. "భయమైతె నాతో రా. భయపడుకుంటనే పోదాం," అని బస్సెక్కించాడు.

స్టేషన్లో బండి వెళ్ళిపోయేదాకా ఆగాము. మామ చిక్కిపోయాడు. చంకలో పెట్టుకున్న రెండు జెండాలు ఆయన చేతికిచ్చాను. దులిపి, మడతపెట్టి, బెంచీ మీద నా పక్కన కూర్చున్నాడు.

"పచ్చదే సూపినవంట రోజు. ఎర్రది ఒక్కనాడన్న సూపకపోతివి?"

"జరం లేకుండె గద మామా. జరముంటెనే ఎర్రది అన్నవు."

"అవు. నేనే అన్న." పట్టాల వైపు చూశాడు. "నేను గూడ గంతే రా. పొద్దున లేస్తె బండ్లకు పచ్చజెండ సూపుతున్న. ఎట్లున్నవని మీ అత్త అడిగితె గదే సూపుతున్న."

మామ జెండాల మడత విప్పి, మళ్ళీ మడిచాడు.

"ఇంకోటి ఇయ్యాల్సి ఉండె నీకు," అన్నాడు.

"ఏం రంగుది మామా?"

"ఏమో రా. మా డిపాట్‌మెంట్ల లేదు."

నేను నవ్వాను. నా నవ్వు బొంగురుగా వచ్చింది. మామ గభాలున తల తిప్పి నా వైపు చూశాడు. ఆయన ఏ గొంతు విన్నాడో నాకు తెలుసు. నన్ను దగ్గరికి లాక్కుని, జెండాల మడతలో మొహం పెట్టుకుని, డ్యూటీలో ఉన్న మనిషి ఏడ్వకూడనంతగా ఏడ్చాడు. నేను ఆపలేదు. గట్టిగా ఏడిస్తే పిట్టలు లేస్తాయని నాకప్పటికే తెలుసు.

ఆ ఏడు చదువు పోయింది. పై ఏడు మామ ఇంట్లోనే, అదే చాప మీద ఉండి చదివాను. తరువాత హైదరాబాదులో కాలేజీ చదువు ముగించి, ఇప్పుడు కామారెడ్డిలో పిల్లలకు భూగోళం చెబుతున్నాను. నా క్లాసులో గోదావరి సముద్రంలో కలుస్తుంది. లచ్చవ్వ కిందటేడు పోయింది. తను ఒక రోగికి వైద్యం చేసిందని ఆమెకు చివరిదాకా తెలియదు. ఆమె కాపాడుకున్నది జొన్నలను. నాకిప్పటికీ చలికాలంలో కొన్ని పొద్దులు మంచం మీంచి దిగనివ్వవు. అది తిరిగి రావడం మామూలేనని, వచ్చినప్పుడు దాచకుండా ఒకరికి చెప్పాలని డాక్టర్ సాబ్ అన్నాడు. చెబుతున్నాను.

ఈ యుద్ధకాలంలో కూడా అంటురోగాలు వస్తూనే ఉన్నాయి, పిల్లలను వేరుగా ఉంచవలసి వస్తూనే ఉంది. ఉంచండి, తప్పదు. నేను చెప్పగలిగింది ఒక్కటే. ఎదిగే వయసు పిల్లలను "బాగున్నావా" అని అడిగి పోకండి. దానికి వాళ్ళ దగ్గర ఉన్నది ఒకే జవాబు, అది ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది. తలూపితే తేలని ప్రశ్న ఏదైనా అడిగి, జవాబు గొంతుతో వచ్చేదాకా గట్టు మీద కూర్చోండి. ఏ ప్రశ్నా తోచకపోతే, కూరలో ఉప్పు మీదైనా తగువు పెట్టుకోండి.

మా అత్త ఇప్పటికీ నా కంచంలో రెండో రొట్టె వేస్తుంది. ఎప్పుడైనా వద్దంటే ఆమె ఏమీ అనదు, మామ వైపు చూస్తుంది. మామ తన కంచం పక్కకు జరిపి, నా ఎదురుగా వచ్చి కూర్చుని, "ఏం తక్కువైంది రా, సెప్పు," అంటాడు. చెప్పేదాకా లేవడు. బండి వచ్చే వేళైతే, లేచి బండికి జెండా చూపించి, మళ్ళీ వచ్చి కూర్చుంటాడు.